ఇచ్చట రీవైండింగ్ చేయబడును

మేస్త్రి మామ పోయినాడని పొద్దున్నే జమ్మలమడుగు నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. "రాత్రి అన్నం తిని పండుకున్న్యాడక్కా, మళ్లా లెయ్యలేదు" అనింది. స్టవ్ మీద పాలు పొంగిపోతాంటే చూస్తా నిలబడినా. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. మొన్ననే కదా, "మీ సీలింగు ఫ్యాను కొట్టుకుంటాందంటివే, ఆదివారం చర్చి అయినంక వస్తా, ఇంకెవురితోనూ విప్పించొద్దు" అన్న్యాడు! ఆదివారానికి ఇంకా మూడు దినాలుండాయి. మాట ఇచ్చి తప్పే మనిషి కాదు. ఇదొక్కసారి తప్పినాడు.

చదివేవాళ్లకు ఆయనెవరో తెల్వదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. ప్రొద్దుటూరులో మా సందులో బోరు మోటార్లు చుట్టే మేస్త్రి, అంతే. కాలిపోయిన మోటారులోని రాగితీగంతా పెరికేసి, కొత్త తీగ చుట్టి, వార్నీషు పోసి, ఆరబెట్టి, మళ్లా నీళ్లు తోడేలాగా చేసి పంపిస్తాండె. నాకు ఆయనతో చుట్టరికం ఏమీ లేదు. కింద ఆయన అంగడి, పైన మా గది. ఇరవై ఏండ్లు ఆ వార్నీషు వాసన మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చింది. మా ఆయన ముక్కు మూసుకుంటాండె గానీ నాకు ఆ వాసన లేకపోతే పొద్దు తెల్లారినట్టు ఉండకపోయేది.

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన కూచున్నా. ఎండ మొగం మీద పడతాంటే కండ్లు మూతలు పడినాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. బస్సు యాడ నిలబడిందో, ఎవరు ఎక్కినారో, ఎవరు దిగినారో ఏమీ తెల్వలేదు. కింద నుంచి ఆయన లెక్కబెట్టే గొంతు మాత్రం వినపడతానే ఉండె. ముప్పై నాలుగు, ముప్పై ఐదు, ముప్పై ఆరు...

తీగ చుట్టేటప్పుడు ఆయన పైకే లెక్కబెడతాండె. నడుమ ఎవరన్నా పలకరిస్తే లెక్క తప్పేది, మళ్లా ఒకటి కాడి నుంచి మొదలు. తిట్టేది లేదు, కసురుకునేది లేదు, ఊరికే చుట్టిందంతా విప్పుతాండె. అది చూసేదానికంటే తిట్లు తినేది మేలు. అందుకని ఎంత పెద్ద మనిషి వచ్చినా ఆ గడపకాడ నోరు మూసుకోని నిలబడాల్సిందే. లెక్క లేనప్పుడు వాళ్ల చర్చి పాట ఒకటి కూనిరాగం తీస్తాండె. ఏ పాటనో ఇప్పటికీ నాకు తెల్వదు, ఎప్పుడూ మొదటి చరణం దాటింది లేదు.

అవి మా పక్క పార్టీలు ముదిరిన కాలం. మాకు పార్టీ అంటే ఎలక్షన్ల జెండా ఒకటే కాదు. ఊర్లో సగం మంది ఒక ఇంటి పక్క, సగం మంది ఇంకో ఇంటి పక్క. సంబంధం చూసేటప్పుడు కులం అడిగినంక అడిగేది పార్టీనే. కోపమొస్తే మనిషి కంటే ముందు పంట మీదికి పోతారు. చీనీ చెట్లు, అదే బత్తాయి, నరుకుతారు, బోరు మోటారు కాలబెడతారు. కాలిన మోటార్లు, ఆ పార్టీవీ ఈ పార్టీవీ, మామ కాడికే వస్తాండె. ఎవరిదని అడగడు. ఎట్లా కాలిందని అసలే అడగడు. "మోటారు చెప్పిందే నాకు చాలు, మనుషులు చెప్పేది నాకెందుకు" అంటాండె.

ఒకసారి ఒకే ఊరి రెండు పార్టీల మనుషులు ఒకే పొద్దున మోటార్ల కోసం వచ్చినారు. ఒకడు గడపకు ఆ పక్క, ఒకడు ఈ పక్క. సందంతా దబదబా తలుపులు వేసుకునింది. నేను పైనుంచి తొంగి చూస్తాంటి. మామ తన లెక్క తాను ముగించి, తీగ కత్తిరించి, మెల్లగా లేచి నిలబడినాడు.

"నా నడుము పట్టుకునిందబ్బా. ఇవి ఒక్కరు ఎత్తేవి కాదు. నువ్వు తల పక్క పట్టు, నువ్వు కాళ్ల పక్క పట్టు. ముందు ఆయనది బండెక్కించండి, తర్వాత నీది" అన్న్యాడు.

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోకుండా రెండు మోటార్లూ మోసినారు. మామ వెనకనే "సల్లగా, సల్లగా, వార్నీషు ఇంకా పచ్చిగుండాది" అనుకుంటా పోయినాడు. రాజీ గీజీ ఏమీ కాలేదు లెండి, ఆ ఏడాదే మళ్లా కొట్టుకున్న్యారు. ఆ పొద్దు మా సందులో మాత్రం ఏమీ కాలేదు.

మా సంగతి కూడా కొంచెం చెప్పాల. మా ఆయన పెండ్లిండ్లకు వీడియో తీస్తాండె. నేను ఆ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, పేర్లూ పూలూ పాటలూ చేర్చి సీడీలు చేసేదాన్ని. మిక్సింగ్ అంటారు. మా కంప్యూటరు ముసలిది. క్యాసెట్టు తిరిగే వేగాన్ని అందుకోలేక నడుమ నడుమ బొమ్మలు మింగేసేది. పెండ్లికొడుకు చెయ్యి ఎత్తేది కనపడతాది, దించేది కనపడదు. ఎగిరి ఇంకో చోట ఉంటాడు. మామూలు క్యాసెట్టయితే వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్లా పట్టుకుంటాంటి. జనాలు కూడా పట్టించుకోరు, వాళ్లు బాగా కనపడితే చాలు వాళ్లకు.

అట్లా ఉండంగా ఒక మధ్యాన్నం పులివెందుల పక్క నుంచి ఒకామె నాలుగేండ్ల ఆడపిల్లను చంకనేసుకోని మామ అంగడి ముందర నిలబడింది. అంగడి మీద రేకుకు పసుప్పచ్చ అక్షరాలతో 'ఇచ్చట రీవైండింగ్ చేయబడును' అని రాసుండె. ఆమె కొంగులో నుంచి ఒక వీడియో క్యాసెట్టు తీసి "దీన్ని రీవైండింగ్ చెయ్యాలన్నా" అని చాపింది.

నేను మెట్ల మీదనే ఉండి పకపకా నవ్వినా. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటాది. మామ నవ్వలేదు. క్యాసెట్టు తీసుకోని, అద్దాలు పైకి తోసుకోని, అటూ ఇటూ తిప్పి చూసి "ఇదీ చుట్టేదే గదా. కూచోమ్మా" అన్న్యాడు.

కూచోని ఆమె చెప్పింది. మొగుడు పెండ్లయిన ఏడో నెలలో పార్టీ తగాదాలో పోయినాడు. అప్పుడీ పిల్ల కడుపులో ఉండె. ఇంటి మీదికి జనం వచ్చిన పొద్దు ఈ క్యాసెట్టును గుడ్డలో చుట్టి శెనిక్కాయల బానలో అడుక్కు తోసింది. నాలుగేండ్లు అది ఆడనే ఉండిపోయింది.

"ఫోటోలు ఉండాయన్నా. పిల్లకు సూపిస్తాండా. కానీ ఊర్లో అందరూ దీన్ని సూసి, అచ్చం వాళ్ల నాయన నడకే అంటారు. ఇదేమో పొద్దన లేస్తే నన్ను అడుగుతాది, నాయన ఎట్లా నడుస్తాండె మా అని. ఫోటోలో యాడ నడుస్తాడన్నా?"

మామ సన్న స్క్రూడ్రైవరుతో క్యాసెట్టు విప్పినాడు. లోపల రీలు అంచంతా తెల్లగా బూజు పట్టి, కొన్ని చోట్ల ఒకదానికొకటి అంటుకోని ఉండె. మెత్తటి గుడ్డతో తుడుస్తా, వేలి మీద చుట్టుకుంటా, విప్పుతా పొద్దుగూకేదాకా కూచున్న్యాడు. ఆఖరుకు నన్ను పిలిచి చెప్పినాడు: "ఒక్కసారి తిరుగుతాది అమ్మాయ్. రెండోసారికి నేను మాటియ్యను. ఆ ఒక్కసారిలోనే నీ కంప్యూటరు పట్టుకోవాల."

"నా కంప్యూటరు నడకనే మింగేస్తాది మామా" అన్న్యా.

కొత్త కంప్యూటరు కొనేంత స్తోమత మాకు లేదు. మేం సీడీలు కొనే అంగడాయన ఒక దారి చెప్పినాడు. చిప్పు, మదర్‌బోర్డు రెండే మార్చుకోని మిగిలినవన్నీ పాతవే పెట్టుకోండి, తక్కువ రకం చిప్పు తీసుకోని కంపెనీ రాసిచ్చిన వేగం కంటే ఎక్కువ ఉరికించండి, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు, కాకపోతే మోసే బోర్డు గట్టిదై ఉండాల అని. నేను ఆత్రం ముండను. ఆ మాట సగం విని ఇంకో అంగట్లో చవగ్గా దొరికిందని ఒక బోర్డు తెచ్చి, చిప్పు వేరే చోట కొన్న్యా. ఇంటికొచ్చి చూస్తే అది దాంట్లో కూచోదు. చిప్పులు చేసేవాళ్లు రెండు పెద్ద కంపెనీలు, ఒకరి చిప్పు ఇంకొకరి బోర్డులో పట్టదని అప్పుడు తెలిసింది.

మామకు చూపిస్తే కడుపుబ్బ నవ్వినాడు. "పార్టీ కనుక్కోకుండానే సంబంధం కలుపుకున్న్యావా! ఈ బోర్డు ఆ పార్టీది, ఈ చిప్పు ఈ పార్టీది." నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని మళ్లా తనే అన్న్యాడు: "అయినా మనుషుల కంటే ఇవే నయం అమ్మాయ్. కుదరకపోతే కూచోవు, అంతే. కొట్టుకోవు."

మరుసటి దినం ఆయనే నా వెంట సీడీల అంగడికి వచ్చినాడు, చొక్కా మార్చుకోని, తల దువ్వుకోని. అంగడాయన మా దుడ్లకు తగిన బోర్డులు మూడు తీసి బల్ల మీద పెట్టి, ఒక్కోదాని గొప్పలు చెప్పబోయినాడు. మామ చెయ్యి అడ్డం పెట్టి "ఇందులో ఫేజులెన్ని?" అన్న్యాడు.

"ఇది బోరు మోటారు కాదు పెద్దాయనా" అని అంగడాయన నవ్వినాడు.

"కరెంటు యాడికిపోయినా కరెంటే" అని మామ ఒక్కో బోర్డూ ఎండకు ఎత్తి పట్టుకున్న్యాడు. అప్పటి బోర్డుల్లో చిప్పు కూచునే చోటు పక్కన రాగితీగ చుట్టిన చిన్న చిన్న వలయాలు పైకే కనపడతాండె. చిప్పుకు కరెంటు పోయేది వాటి మీదనే. మామకు అది పుట్టినింటి దారి. ఒకదానికి రెండే ఉండె, పక్కకు పెట్టేసినాడు. "రెండెడ్లు లాగే బండికి మూడెడ్ల బరువు ఎత్తకూడదు." రెండోదానికి మూడుండె గానీ తీగ సన్నంది, చుట్టు వదులు. "ఇది చుట్టినోడు ఇంటికి పోయే తొందర్లో చుట్టినాడు." మూడోది చూసేదానికి ఏమీ లేదు. రంగు లేదు, డబ్బా మీద బొమ్మ కూడా లేదు. మూడు వలయాలు, లావు తీగ, బిగువైన చుట్టు. పక్కన కండెన్సర్లు, మన ఫ్యానుకుండేవే గానీ బాగా పిల్లవి, తలలు చదునుగా వరసగా నిలబడి ఉండె. ఒక్కోదాని నెత్తి మీద వేలు పెట్టి చూసినాడు, ఉబ్బుంటే తెలుస్తాదని. చిప్పు చుట్టూ చోటు బాగుండాదా, పెద్ద ఫ్యాను పడతాదా అని బెత్త పెట్టి కొలిచినాడు. ఆఖరుకు ముక్కు కాడ పెట్టుకోని వాసన కూడా చూసినాడు. అంగడాయన నా మొగం చూస్తాండె, నేను బజారు పక్క చూస్తాంటి.

"వేగం ఒకేసారి ఎక్కిస్తారా, మెట్లుండాయా?" అని అడిగినాడు.

అప్పుడు అంగడాయనకు మర్యాద పుట్టింది. "ఉండాయి. బస్సు వేగం నూరు నుంచి నూటముప్పై మూడుదాకా తొమ్మిది మెట్లు" అన్న్యాడు. బోర్డులో చిప్పుకూ మిగిలిన వాటికీ నడుమ సమాచారం పోయే దారిని బస్సు అంటారంట. మామ దాన్ని ఇంకో మాదిరి అర్థం చేసుకోని, "ఓహో, నూరో నంబరు బస్సుకు టికెట్టు తీసుకోని నూటముప్పై మూడో నంబరు బస్సెక్కేది" అన్న్యాడు. వివరం తప్పు గానీ విషయం అదే. ఆ బోర్డే తీసుకున్న్యాం. మూడింట్లో అదే చవక కూడా. "అలంకారం లేని తల్లే ఎక్కువ మోస్తాది" అన్న్యాడు దావలో.

ఇంటికొచ్చి దాన్ని కంప్యూటరు డబ్బాలో పెట్టనీలేదు. డబ్బాలో ఊపిరాడదని, జమ్మలమడుగు నాపరాయి ఒకటి తెచ్చి బల్ల మీద పరిచి, నాలుగు రబ్బరు బిరడాల మీద బోర్డును కూచోబెట్టినాడు. నేల మీద బిడ్డను పండబెట్టినట్టు. ఓవర్‌క్లాకింగ్ అనే మాట ఆయన నోరు తిరగలేదు, 'అదిలించేది' అని పేరు పెట్టినాడు. ఎద్దును అదిలిస్తాం చూడండి, హెయ్ అని, ఆ అదిలించేది. మెట్టు ఎక్కనప్పుడు వోల్టేజీ కొంచెం పెంచితే ఎక్కుతాదని అంగడాయన చెప్పి పంపించినాడు. మామ ఒప్పుకోలేదు. "అది కొట్టేది. అదిలిస్తే ఎద్దు నడుస్తాది, కొడితే ఏదో ఒక దినం కాడి మీదనే పండుకుంటాది."

వేడి కొలిచేదానికి ఆయనకు వేలే కొలత. వలయాల పక్కన రెండు వేళ్లు ఆనించి లెక్కబెడతాండె. పదిలోపల చెయ్యి తీయబుద్ధయితే ఒక మెట్టు దిగాల. పది దాటినా తీయబుద్ధి కాకపోతే ఫర్వాలేదు. నాకూ అదే నేర్పించినాడు.

పరీక్షకు మా పెండ్లి క్యాసెట్టే పెట్టినాం. నూటముప్పై మూడులో తాళి కట్టేకాడ తెర నీలం రంగుకు తిరిగి ఆగిపోయింది. నూటిరవై నాలుగులో మళ్లా అదే తాళి కాడ ఆగిపోయింది. "మీ ఆయనకు ఇష్టం లేనట్టుండాదే" అన్న్యాడు మామ. నూటపదిలో ఆగలేదు గానీ నడుమ నడుమ బొమ్మలు మింగింది. అట్లా దిగుతా ఎక్కుతా నూటపదైదు కాడ నిలబడినాం. మా పెండ్లి మొదటి నుంచి ఆఖరుదాకా ఒక్క బొమ్మ పోకుండా ఎక్కింది. నేను ఎగిరి గంతేసినా. మామ మాత్రం "ఇది మీ పెండ్లి, మళ్లా తిప్పుకోవచ్చు. ఆమెది అట్లా కాదు. కరెంటు బాగుండే పొద్దు చూసుకుందాం" అన్న్యాడు. మా ఊర్లో మగ్గాలు, మిల్లులు అన్నీ ఒకేసారి తిరుగుతాయి. వోల్టేజీ పొద్దంతా ఎగురుతా దిగుతా ఉండేది.

పులివెందుల అక్కకు కబురు పంపిస్తే పిల్లను తీసుకోని సాయంత్రానికి వచ్చింది. తెల్లారేసరికి ఊరు బందు. ఎవరో ఒక పార్టీ మనిషిని ముందటి దినం చంపినారంట. బస్సుల్లేవు, అంగళ్లు లేవు, మగ్గాల చప్పుడు కూడా లేదు. మా ఆయన ఖాజీపేటలో పెండ్లికి పోయి ఆడనే ఇరుక్కున్న్యాడు. నేను నెత్తిన చెయ్యి పెట్టుకోని కూచుంటే మామ కింది నుంచి కేకేసినాడు. "అమ్మాయ్, దిగి ఈ ముల్లు చూడు!" ఆయన అంగట్లో వోల్టేజీ మీటరు ముల్లు రెండు వందల ముప్పై కాడ కదలకుండా నిలబడి ఉండె. ఊర్లో తిరిగేది ఏదీ లేదు కాబట్టి కరెంటంతా మాదే. "ఈ పొద్దే" అన్న్యాడు.

ఆ మధ్యాన్నం నాకు ఇప్పటికీ కల మాదిరే ఉంటాది. కిటికీలు మూసినాం. సీలింగు ఫ్యాను తిరిగితే తెర మీద గీతలు పడతాండాయని అదీ ఆపేసినాం. టేబుల్ ఫ్యానూ వద్దన్న్యాడు. జీవితమంతా ఫ్యాన్లూ మోటార్లూ తిప్పిన మనిషి తాటాకు విసనకర్ర తీసుకోని నాపరాయి పక్కన కూచున్న్యాడు. ఒక చేతి వేళ్లు బోర్డు మీద, ఇంకో చేత్తో విసరడం. ఆయన నోట్లో లెక్క మెల్లగా నడుస్తానే ఉండె.

తెర మీద ముందు మబ్బు మబ్బుగా గీతలు వచ్చినాయి, తర్వాత పందిరి వచ్చింది, మామిడాకులు వచ్చినాయి. ఎప్పటిదో ఎండ మా చీకటి గదిలోకి వచ్చి అందరి మొగాల మీద పడింది. మెరవణి, పెండ్లి ఊరేగింపు, వచ్చింది. జనాన్ని తోసుకోని ఒక పిల్లోడు, ఇరవై నాలుగో ఇరవై ఐదో, కొత్త పంచె కాళ్లకు అడ్డం పడతాంటే చేత్తో పైకి పట్టుకోని నడుస్తా వచ్చినాడు. ఎడమ భుజం కొంచెం ముందుకు వేసి, మడమలు నేలకు ఆనీ ఆనకుండా. నేరుగా మాకేసి వచ్చి నవ్వినాడు. "ఏందప్పా, నన్నే తీస్తాండావు. పెండ్లికూతుర్ని తియ్యి పో" అన్న్యాడు.

అక్క నోట్లో కొంగు కుక్కుకునింది. పిల్ల మాత్రం నిలబడి, తెరకు ఇంకా దగ్గరికి పోయి, "మా, నడుస్తాండాడు" అనింది.

సరిగ్గా అప్పుడే కింద షట్టరు మీద దబదబా కొట్టినారు. క్యాసెట్టులో మేళం వాయిస్తాండారు, ఆ శబ్దం సందులోకి పోయింది. "ఎవర్రా అది? మనిషి పోయి మేమేడుస్తాంటే మేళం పెట్టుకుంటారా?" బందు చేయించేవాళ్లు. నేను ఉరికి శబ్దం తగ్గించినా. క్యాసెట్టు ఆపితే మళ్లా తిరగదు. మామ పక్క చూసినా. ఆయన లెయ్యలేదు. "నేను లేస్తే ఇది వేడెక్కుతాది. నువ్వే పో. ఉండేది ఉన్నట్టు చెప్పు" అన్న్యాడు, విసురుతానే.

మెట్లు దిగినా. తలుపు తీస్తే ఏడెనిమిది మంది, చేతుల్లో కట్టెలు. చెప్పినా. మేళం కాదు నాయనా, చనిపోయినాయన పెండ్లి క్యాసెట్టు, ఆయన బిడ్డ ఇంతవరకూ వాళ్ల నాయన్ను చూడలేదు, ఇప్పుడు చూస్తాంది అని.

ముందు నిలబడినోడు "ఆయనేది పార్టీ?" అన్న్యాడు.

నాకు భయం ఎట్లా పోయిందో తెల్వదు, కోపం మాత్రం నెత్తికెక్కింది. "సచ్చిపోయినోనికి ఏం పార్టీరా? నీకు బిడ్డల్లేరా?" అని అరిచినా.

వాడు నన్ను చూసినాడు. పైకి చూసినాడు. వెనకోళ్లలో ఒకడు వాని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తిప్పినాడు. "శబ్దం తక్కువ పెట్టుకోక్కా" అనేసి పోయినారు. అంతే.

పైకొచ్చి కూచుంటే ఒళ్లంతా వణుకు. మామ నా చెయ్యి పట్టుకోని రెండు వేళ్లు ఆ రాగి వలయాల పక్కన పెట్టి "పది లెక్కబెట్టు" అన్న్యాడు. ఒకటి, రెండు, మూడు. కోడిపిల్లంత వెచ్చగా ఉండె. పది అయిపోయింది. వణుకు ఆగింది. "తీయబుద్ధయిందా?" "లేదు మామా." "అయితే నువ్వూ ఫర్వాలేదు, అదీ ఫర్వాలేదు" అన్న్యాడు.

గంటన్నర విసిరినాడు ఆ మనిషి. చెయ్యి మార్చింది కూడా తక్కువ. అక్క "నేను విసురుతా అన్నా, ఇటియ్యి" అంటే ఇయ్యలేదు. "నువ్వు ఆయన్ను చూసుకోమ్మా. ఇది మేస్త్రి పని" అన్న్యాడు. ఆఖరి మంగళహారతి అయినంక రీలు లోపల పటుక్కుమని తెగింది. అప్పటికి అంతా కంప్యూటర్లోకి వచ్చేసింది. మామ విసనకర్ర కింద పెట్టి, చెయ్యి విదిలించుకోని, "చుట్టేసినాం" అన్న్యాడు.

తర్వాత్తర్వాత కాలం ఎట్లా పోయిందో. క్యాసెట్లు పోయినాయి, సీడీలు పోయినాయి, ఇప్పుడు పెండ్లి అంతా ఫోన్లోనే. ఆ బోర్డు తొమ్మిదేండ్లు నడిచింది, నూటపదైదులోనే, ఒక్క కండెన్సరు ఉబ్బకుండా. కంప్యూటరు కొనేవాళ్లు ఎవరొచ్చి అడిగినా మేం చెప్పేది మామ చెప్పిందే. ముందు పార్టీ చూసుకో. తర్వాత తల్లిని చూసుకో, అది ఎంత మోస్తాదో. అదిలించు, కొట్టొద్దు. ఆయన ముసలోడై కొడుకు కాడికి జమ్మలమడుగు పోయినంక కూడా ఫోన్ చేసినప్పుడల్లా మనుషుల కంటే ముందు మా ఇంట్లో తిరిగే వస్తువుల బాగోగులే అడుగుతాండె. ఆ రేకు బోర్డు మాత్రం కింద అట్లనే ఉండాది. ఇప్పుడాడ సెల్‌ఫోన్ల అంగడి. తీసేస్తామంటే వాళ్లతో గొడవపడి ఉంచుకున్న్యా.

జమ్మలమడుగులో బస్సు దిగి నడుచుకుంటా పోయినా. ఇంటి ముందర షామియానా వేస్తాండారు. కరెంటు లేదు, ఐసు పెట్టె ఇంకా రాలేదు. లోపల మంచం మీద తెల్లగుడ్డ పరిచి పండబెట్టినారు. తలాపున బైబిలు, రెండు కొవ్వొత్తులు. చర్చి ఆడవాళ్లు పాట ఎత్తుకున్న్యారు. ఆయన ఎప్పుడూ కూనిరాగం తీసేదే. వాళ్లు పాడితే తెలిసింది, దానికి ఇంకా నాలుగు చరణాలుండాయి.

మంచం పక్కన పులివెందుల అక్క కూచోని విసనకర్రతో ఆయనకు విసురుతాండాది. తొలి బస్సుకే వచ్చిందంట. తల నెరిసిపోయింది. చెమట కారిపోతాంటే మామ కోడలు "ఇంక సాలు పెద్దమ్మా, నేను విసురుతా" అని చెయ్యి చాపింది.

అక్క ఇయ్యలేదు. "ఆ పొద్దు గంటన్నర ఇసిరినాడు, నాకియ్యలేదు. ఈ పొద్దు నేనియ్యను" అనింది.

లోపలి నుంచి ఒక అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. మొగం నేను గుర్తుపట్టలేదు. నడక గుర్తుపట్టినా. ఎడమ భుజం కొంచెం ముందుకు వేసి, మడమలు నేలకు ఆనీ ఆనకుండా నడుచుకుంటా వచ్చి చెంబు నా చేతికిచ్చింది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

నీళ్లు తాగి, మంచం పక్కన కూచోని, ఆయన చేతి మీద రెండు వేళ్లు పెట్టినా. రాగితీగ కోసిన గీతలన్నీ అట్లనే ఉండాయి ఆ చేతికి. ఎప్పుడు మొదలుపెట్టినానో నాకే తెల్వదు, లోపల లెక్క నడుస్తాండాది. ఎనిమిది, తొమ్మిది, పది. అక్క విసిరే గాలి నా మొగానికి కూడా తగుల్తాండె. పదకొండు. ముప్పై నాలుగు, ముప్పై ఐదు. ఎవరో నన్ను పలకరించినారు. లెక్క తప్పింది. మళ్లా ఒకటి కాడి నుంచి మొదలుపెట్టినా. చెయ్యి తీయబుద్ధి కాలేదు.